గవరమ్మ వాటా

అప్పలరాముడు సముద్రాన్ని వదిలి వంకాయల మీద మనసు పడ్డాడంటే జంగ్లీఘాట్‌లో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మే వేళకి ఆ ఇంట్లో గిన్నెలు కూడా పంచుకోవడం అయిపోయింది.

అతను భీమిలి దగ్గర పల్లెలో పుట్టి, కుర్రతనంలోనే అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ వచ్చి, అక్కడి జంగ్లీఘాట్ జాలరిపేటలో స్థిరపడి, నెత్తి నెరిసేదాకా వల తప్ప మరో వస్తువు పట్టనివాడు. ఒకనాడు సిప్పీఘాట్‌లో వ్యవసాయ క్షేత్రం వాళ్ళ క్వార్టర్లకు చేపలు ఇవ్వడానికి వెళ్ళాడు. దారిలో వంగమడి కనబడింది. నున్నగా, నల్లగా, గాలికి ఊగుతున్న కాయల్ని చూసి అక్కడే నిలబడిపోయాడట, బుట్టలో చేపలు మెత్తబడిపోయేదాకా. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని పెళ్ళాంతో అన్నాడు:

"సేపనైతే ఎతుక్కుంటా పోవాల, బుల్లీ. వంకాయ ఎక్కడికీ పోదే. ఉన్నకాడే ఉంటాది."

"మరైతే దాన్నే పెళ్ళాడీవలసింది మావా" అంది బుల్లమ్మ, పులుసు వడ్డిస్తూ.

ఆమె అది వేళాకోళం అనుకుంది. వానలు వెనకబట్టగానే అతను సిప్పీఘాట్‌లో ఉప్పుటేటి పక్కన ఒక బెంగాలీ కుటుంబం దగ్గర చిన్న నేల చెక్క కౌలుకు తీసుకుని, పాక కూడా వేసుకుని వచ్చి, "పదండి, ఎల్లిపోదాం" అన్నాడు. అప్పుడు రేగింది గొడవ.

బుల్లమ్మ గోల్ ఘర్ బజార్లో చేపలమ్ముతుంది. ఆమె గొంతు విప్పితే డాలీగంజ్ బస్సు ఎక్కబోయినవాళ్ళు కూడా దిగి వచ్చి బేరమాడేవారని పేరు. "అక్కడ నా మాట ఇనీవోలు ఎవులున్నారు, వంకాయలా?" అని ఆమె పట్టుపట్టింది. "సంద్రం మీద సచ్చిపోతే నువ్వేటి సేత్తావు?" అని అతను పట్టుపట్టాడు. ఆ వానల్లోనే తుఫాను వచ్చి అతని పక్క పడవ తిరగబడింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, అతనూ ఎత్తడు. వంకాయల గురించే మాట్లాడతాడు. మాటా మాటా పెరిగి, ఒక తెల్లవారి అతను తన చాపా, రంపమూ, పెద్ద డేకిసా మూటగట్టాడు. ఆమె డేకిసా లాక్కుని మూత మాత్రం ఇచ్చింది. పాత వల అతనికి, కొత్త వల ఆమెకి. కోళ్ళలో సగాన్ని బుట్టలో వేస్తే అవి దారి మధ్యలో ఎగిరి ఇంటికి వచ్చేశాయి.

ఈ పంపకమంతా జరుగుతుంటే గవరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు పదిహేనేళ్ళు. పొడుగ్గా, సన్నగా, తెరచాప కర్రలా ఉంటుంది. ఏడుపు రావలసిన చోట ఆమెకు నవ్వు వస్తుంది, వస్తే ఆగదు. బడిలో హిందీ టీచరమ్మ అందుకే ఆమెను రెండుసార్లు బయట నిలబెట్టింది. ఆ రోజు కూడా డేకిసా మూతను గొడుగులా చంకన పెట్టుకుని వెళుతున్న అయ్యను చూసి నవ్వింది. నవ్వుతూనే ఒకటి గమనించింది. గిన్నెలు, వలలు, కోళ్ళు అన్నిటి పేర్లూ వచ్చాయి. తన పేరు ఎవరి నోటా రాలేదు.

పక్కింటి యర్రమ్మ ఆ లోటు తీర్చింది. నీళ్ళ కుళాయి దగ్గర బిందె నిండేలోపు, "మరి నువ్వెటే గుంటా?" అని అడిగింది.

"ఏమో, యర్రమ్మత్తా."

"కడుపున పుట్టినదైతే అడగక్కర్లేదనుకో. దొరికిన పిల్లవి. ఎవులు మొయ్యాలో వోలు తేల్చుకోవాల కదా" అంది యర్రమ్మ. ఆవిడలో చెడ్డతనం లేదు, నోటికి గట్టు లేదు, అంతే.

గవరమ్మ దొరికిన పిల్ల అని జంగ్లీఘాట్‌లో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. బుల్లమ్మ పుట్టింటి నుంచి తిరిగి వస్తున్న ఓడలో, విశాఖపట్నంలో ఎక్కిన ఒక ఒంటరి ఆడమనిషి పురుడు పోసుకుంది. పోర్ట్‌బ్లెయిర్ కనబడకముందే కన్ను మూసింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని బుల్లమ్మ జెట్టీ మీద దిగింది. అక్కడ అప్పలరాముడు గొడుగు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చనిపోయినామె కోసం ఎవరైనా వస్తారేమో చూడమని ఓడరేవు అధికారి చెబితే ఇద్దరూ మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. ఎవరూ రాలేదు. తరువాత పోలీసులు ఎంత విచారించినా ఎవరూ తేలలేదు. ఇంటికి తీసుకొచ్చి గవరమ్మ అని పేరు పెట్టుకున్నారు.

ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఇన్నాళ్ళూ ఆమెకు 'మధ్యాహ్నం దాకా నిలబడ్డారు' అన్న ముక్క దగ్గర ఏమీ అనిపించలేదు. యర్రమ్మ మాట తరువాత అదే ముక్క చేపముల్లులా అడ్డం పడింది. ఎవరైనా వస్తే ఇచ్చేద్దామనే కదా అంతసేపు నిలబడ్డారు?

సరే, ఇద్దరికీ వద్దనిపించకుండా చేసుకోవడం తన చేతిలో పనే అనుకుంది గవరమ్మ. ఆ మర్నాటి నుంచి ఆమె బతుకు బొంగరమైపోయింది.

తెల్లవారేసరికి బుల్లమ్మ కంటే ముందు లేచి చేపల బుట్ట ఎత్తేది. గోల్ ఘర్‌లో తల్లి పక్కన కూర్చుని, "ఆవో దీదీ, తాజా సుర్మయి, అభీ పానీ సే నికలా" అని వంజరం చేపను చూపిస్తూ హిందీలో అరిచేది. బడి అవగానే పరిగెత్తి సిప్పీఘాట్ బస్సు పట్టుకుని, చెక్క చేరి, వంగమొక్కలకు నీళ్ళు పోసేది. బస్సులో నిలబడే నిద్రపోయేది. ఆమె దగ్గర బజార్లో మట్టి వాసన, తోటలో చేపల వాసన వచ్చేది. రెండు చోట్లా పిల్లులు వెంటబడేవి.

అప్పలరాముడి తోట చూస్తే ఆమెకు ఊపిరాడనంత నవ్వొచ్చేది. పాత వలను గుంజలకు కట్టి కంచె వేశాడు. దోసపాదును వలముడి వేసి ఎంత గట్టిగా బిగించాడంటే, పాకడానికి దారి దొరక్క అది తిరిగి నేల మీదికే వచ్చింది. పొద్దున్నే లేచి ఆకాశం చూసి, "దచ్చినం గాలి. ఇయేళ కాయలు పడతాయి" అనేవాడు. చెక్క ఇచ్చిన బెంగాలీ ఇంటి ముసలామెను అందరూ దీదీ అంటారు. ఆమె కంచె అవతల నిలబడి, "అరే మఛ్‌వారా, ఎ మఛ్లీ నహీ హై" అని, ఇవి చేపలు కావోయ్ అన్నట్టు నవ్వి, ఒక్కొక్క మొక్క ఎలా పాతాలో చూపించిపోయేది.

"మీ యమ్మ ఏటంది?" అనేవాడు అతను, గవరమ్మ చెయ్యి కడుక్కోకముందే.

బుల్లమ్మ ఏమీ అని ఉండేది కాదు. ఏమైనా అన్నా, "ఈపాటికి మొలకలొచ్చినాయా, ముసలోడికి?" అని మాత్రమే. గవరమ్మ దానికి కాస్త ఉప్పూ కారం తీసి, కాస్త బెల్లం కలిపేది. "మొలకలొచ్చినాయా అని అడిగింది అయ్యా. బెంగ పెట్టుకున్నట్టుంది."

"మీ అయ్య తింతన్నాడా?" అనేది బుల్లమ్మ అటు తిరిగి చేప కోస్తూ. "నాకేటి. ఊరికినే అడిగినాను."

"అన్నం మాడిపోతోందంట. నీ పులుసు గురించి ఒకటే మాట."

పులుసు గురించి అప్పలరాముడు ఒక్క ముక్క అనలేదు. అయినా మర్నాడు గవరమ్మ చేతిలో మూతకట్టిన గిన్నె ఉండేది. అతను తిని, గిన్నె అడుగు వేలితో తుడిచి నాకేవాడు. మొదటి కాపు వంకాయలు వచ్చినప్పుడు, "నీకోసం పంపినాడు" అని గవరమ్మే ఏరి తల్లికి తెచ్చింది. వాటిలో సగం పుచ్చులు. బుల్లమ్మ పుచ్చులన్నీ కోసి పారేసి, మిగిలిన ముక్కల్లో ఎండు నెత్తళ్ళు వేసి వండి, ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టుకుంది.

అంతా బాగానే నడుస్తోంది అనుకుంటుంటే, ఒక శనివారం నూకన్న తాత కబురు చేశాడు. జంగ్లీఘాట్‌లో మనవాళ్ళ తగువులకు ఆయనే పెద్ద. మొగుడో చోట, పెళ్ళామో చోట ఉండడం పేటకు మర్యాద కాదనీ, కలుస్తారో విడిపోతారో ఆదివారం పొద్దున్న పడవల షెడ్డు కింద తేల్చేద్దామనీ ఆయన ఇద్దరికీ చెప్పి పంపాడు.

ఆదివారం గవరమ్మ తల దువ్వుకుని, మంచి లంగా వోణీ కట్టుకుంది. ఎందుకు కట్టుకుందో ఆమెకే తెలియదు. బుల్లమ్మతో వెళ్ళి షెడ్డు స్తంభం వెనక నిలబడింది, ఇటు పక్కా కాకుండా అటు పక్కా కాకుండా. అప్పలరాముడు సిప్పీఘాట్ నుంచి తలకు నూనె రాసుకుని వచ్చాడు, వేళ్ళ సందుల్లో మట్టి పోలేదు. చుట్టూ పేట జనం. యర్రమ్మ ముందు వరసలో.

నూకన్న తాత గొంతు సవరించుకుని, "ముందు డుంగీ సంగతి. ఎవులికి?" అన్నాడు. డుంగీ అంటే వాళ్ళకున్న ఒక్క పడవ.

"దాన్నే ఉంచుకోమను" అన్నాడు అప్పలరాముడు.

"నాకేల, నేనేటి ఏటకెల్తానా? ఆయన్నే తీసుకోమను" అంది బుల్లమ్మ.

"కొత్త వల?"

"ఆయనకే ఇచ్చీండి." "వద్దు, దాన్నే ఉంచుకోమను."

"ఇల్లు?"

"ఆడదానికి ఇల్లుండాల. అదే ఉండనీ." "నేనెక్కడైనా ఉంటాను. ముసలోడు వానకి తడుస్తాడు."

ఎవరికీ ఏదీ అక్కర్లేదు. పోట్లాటకని వచ్చిన జనం ఇదేం తగువని ముఖాలు చూసుకున్నారు. గవరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. డుంగీనే వద్దన్నారు. ఇల్లే వద్దన్నారు. ఇంక మిగిలింది తను. తననూ ఇలాగే, 'నువ్వే ఉంచుకో' అంటే 'నువ్వే ఉంచుకో' అని అటూ ఇటూ తోసేస్తారు. స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది.

"మరి గుంట?" అన్నాడు నూకన్న తాత.

"గుంట నాది" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అన్నాక ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులు చూసి ముందు వరస కాస్త వెనక్కి జరిగింది.

"నీదెలగ?" అంది బుల్లమ్మ లేచి నిలబడి. "ఓడలో నా ఒళ్ళోకొచ్చింది. తడిగుడ్డతో పాలు పట్టినాను. నువ్వప్పుడు ఎక్కడున్నావు?"

"జెట్టీ మీదున్నాను. గొడుగెవులు పట్టినారు? నువ్వా?"

"గొడుగు పట్టినోడికే పిల్లయిపోతే, ఊర్లో గొడుగులున్నోలందరూ తండ్రులే."

"మజ్జాన్నం దాకా నిలబడ్డాం, గేపకముందా?" అప్పలరాముడి గొంతు హెచ్చింది. "ఎవులైనా గేటు కాడ కనిపిత్తే నా గుండె ఆగిపోయీది. ఒక పొడుగాటోడు నాలుగుసార్లు మనకేసి సూసినాడు. ఆడు దాని అయ్యేమో, అడిగేత్తాడేమో అని నూకాలమ్మ తల్లికి కోడిని మొక్కుకున్నాను. ఆడు ఎల్లిపోయినాడు. కోడి మొక్కు ఎవులు తీర్సినారు? నేను."

"ఆడికి కనబడకుండా సిమెంటు బస్తాల ఎనక్కి పోయి కూకున్నదెవులు? నేను" అంది బుల్లమ్మ. "ఆఫీసరు 'బస్, ఘర్ లే జావో', ఇంక ఇంటికి తీసుకుపో అన్నాడో లేదో, సెప్పులు ఒగ్గీసి పరిగెత్తినాను. మళ్ళీ పిలుత్తాడని. ఇప్పటికీ ఆ సెప్పులు అక్కడే ఉన్నాయి."

"అయి నేను కొన్న సెప్పులే."

స్తంభం వెనక గవరమ్మ ఇదంతా వింది. పదిహేనేళ్ళుగా విన్న కథే. కానీ అందులో కోడి లేదు, సిమెంటు బస్తాలు లేవు, చెప్పులు లేవు. ఎవరైనా రావాలని కాదు, ఎవరూ రాకూడదని నిలబడ్డారు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు.

కడుపులో ఎక్కడో చిన్నగా మొదలైంది నవ్వు. ఆపుదామని నోట్లో వోణీ కుక్కుకుంది. ముక్కులోంచి వచ్చింది. స్తంభం వదిలేసి ఇసుకలో కూలబడింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళలో నీళ్ళు కారిపోతున్నాయి, ఊపిరి అందడం లేదు. ఆకాశం, షెడ్డు రేకులు, నూకన్న తాత బట్టతల అన్నీ గుండ్రంగా తిరుగుతున్నాయి.

"గుంటకి ఏటో పట్టినట్టున్నాది. నీళ్ళు కొట్టండి" అంది యర్రమ్మ.

నీళ్ళు కొట్టారు. నవ్వు ఇంకా ఎక్కువైంది. ఆ నవ్వు చూసి ముందు పిల్లలకూ, తరువాత పెద్దలకూ నవ్వొచ్చింది. పోట్లాడుకుంటున్న ఇద్దరూ మాత్రం ఆమె రెండు చేతులూ చెరొకటి పట్టుకుని, "ఏటయిందే?" అని ఒకే గొంతుతో అడిగారు.

"నువ్వే సెప్పు తల్లీ" అన్నాడు నూకన్న తాత కళ్ళు తుడుచుకుంటూ. "ఎవులి కాడుంటావు?"

గవరమ్మ లేచి, జుట్టులో ఇసుక దులుపుకుంది. మాట్లాడబోతే ఎక్కిళ్ళు వచ్చాయి.

"తాతా, పంపకం అంటే నాకూ హిస్సా ఉండాల కదా?"

"ఉండాల."

"పక్కా?"

"పక్కా."

"అయితే నా వాటాకి ఈళ్ళిద్దరూ. ఇద్దర్నీ నేనే తీసుకుంటాను. ఎవులికీ ఇవ్వను." ఎక్కిలి వచ్చింది. "ఇంకోటి. డుంగీ ఇద్దరికీ అక్కర్లేదన్నారు. అది కూడా నాదే."

నూకన్న తాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఇటువంటి పంపకం ఆయన ఎన్నడూ చేసి ఎరగడు. చివరికి, "అడిగింది అన్నేయం కాదు. ఇచ్చీండి" అని లేచి టీకి వెళ్ళిపోయాడు.

గవరమ్మ ఆలస్యం చేస్తే ఇద్దరూ మళ్ళీ తేరుకుంటారని భయపడింది. చేతులు వదలకుండా ఒడ్డుకు లాక్కుపోయి, "ఎక్కండి" అంది.

"ఎక్కడికే?"

"నా డుంగీ. నేనెక్కడికంటే అక్కడికి."

సముద్రం పోటు మీదుంది. నీళ్ళు లోపలికి లాగుతున్నాయి. గవరమ్మ ఒక తెడ్డు, అప్పలరాముడు ఒక తెడ్డు వేస్తుంటే, డుంగీ సిప్పీఘాట్ వైపు సాగింది. బుల్లమ్మ మధ్యలో ముఖం తిప్పుకుని కూర్చుంది. కొంతదూరం పోయాక మొగుడి తెడ్డు కేసి చూసి, "సెయ్యి వంకర పోయింది. మట్టి తవ్వి తవ్వి" అంది. "నీ సెయ్యి ఎయ్యి మరి" అన్నాడు అతను. ఆమె తెడ్డు లాక్కుని వేసింది. అతను పని లేక కూర్చుని, నీళ్ళను చూశాడు. తుఫాను తరువాత పడవ ఎక్కడం అదే మొదలు. అతని మెడ మీద చెమట చూసి బుల్లమ్మ అప్పుడు గ్రహించింది, ఇన్నాళ్ళూ వంకాయల గోలంతా ఎందుకో. కొంగు తడిపి అతని మెడ తుడిచింది. గవరమ్మ అటు చూడనట్టు గట్టిగా తెడ్డు వేసింది.

మడచెట్ల మధ్య నుంచి ఉప్పుటేటిలోకి తిరిగి, చెక్క పక్కన ఆగారు. బుల్లమ్మ దిగి, వల కంచె చూసింది, ఉరిపోసుకున్న దోసపాదు చూసింది, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఇయ్యేనా, నువ్వు మనసు పడ్డ కాయలు?"

"మరేటి?"

"ఎవులమ్ముతారు ఈటిని? నీకు అరవడం రాదు." ఒక కాయ తెంపి అటూ ఇటూ తిప్పింది. "సేపల పక్కన ఎట్టుకుంటే సేప కొన్నోళ్ళు ఇదీ కొంటారు. నేనయితే అమ్మగలను."

"ఎవులొద్దన్నారు?"

"అయితే ఇక్కడికి రమ్మనకు. నేను జంగ్లీఘాట్‌లోనే ఉంటాను. బజారు లేని రోజుల్లో వత్తాను."

"కాయ లేని రోజుల్లో నేనొత్తాను. ఏటకి మాత్రం ఎల్లను."

"ఎవులు ఎల్లమన్నారు?" అంది బుల్లమ్మ మెల్లగా.

దీదీ వచ్చి టీ ఇచ్చింది. బుల్లమ్మకు బెంగాలీ రాదు, దీదీకి తెలుగు రాదు. ఇద్దరూ హిందీని సగం సగం విరిచి, అప్పలరాముడికి తోటపని రాదన్న సంగతి మీద క్షణంలో స్నేహితులైపోయారు. వాళ్ళ కబుర్లు తెమిలేసరికి ఆటు మొదలై, ఏటిలో నీరు తీసేసి, డుంగీ బురదలో కూర్చుంది.

ముగ్గురూ మోకాలి లోతు బురదలో దిగి తోశారు. కదల్లేదు. "నువ్వు తొయ్యట్లేదు." "నువ్వే తొయ్యట్లేదు." "ఇద్దరూ తొయ్యండి" అంది గవరమ్మ. ఒక్కసారిగా తోసేసరికి డుంగీ సర్రున జారి నీళ్ళలోకి పోయింది. అప్పలరాముడు ముందుకు పడ్డాడు, అతని మీద బుల్లమ్మ పడింది. ఖాళీ డుంగీ తీరిగ్గా ఏటి మధ్యకు పోతోంది.

"పట్టుకోయే" అని అరిచాడు అప్పలరాముడు.

"వద్దే, మొసలుంటాది" అని అరిచింది బుల్లమ్మ.

అప్పటికే గవరమ్మ నాలుగు అంగల్లో చేరి, అంచు పట్టుకుని పైకి ఎగబాకింది. తెడ్డు అందుకుని వెనక్కి చూసింది. ఒడ్డున తల నుంచి కాళ్ళ దాకా బురదలో ఇద్దరూ మళ్ళీ జారిపోకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తప్పు నీదంటే నీదని పోట్లాడుకుంటున్నారు. వెంటనే తిరిగి వెళ్ళిపోవచ్చు. రెండు తెడ్లు వేస్తే ఒడ్డు.

గవరమ్మ డుంగీ ముందును అవతలికి తిప్పి, మెల్లగా, ఏటి మధ్యలో పెద్ద చుట్టు ఒకటి కొట్టింది.

"గవరీ, ఇటు రాయే" అని ఇద్దరూ పిలుస్తున్నారు. ఇంకో చుట్టు కొట్టింది.